కూలి డబ్బయినా జీతం డబ్బయినా, ఇంట్లో కూరగాయలు, పండ్లు తినడం పెంచుకోవడం ఎలా? (అనంతపురం వైపు లెక్కలతో)

"కూరగాయలు, పండ్లు ఎక్కువ తినమంటారు సరే, మా సంపాదనకి అది అయ్యే పనేనా?" అందరూ అడిగేది ఇదే. పొదుపు సంఘం మీటింగుల్లో అక్కలు అడుగుతారు, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లు అడుగుతారు, నెల తిరిగేసరికి జీతం పడే టీచరమ్మలూ అడుగుతారు. వెంటనే చవక పండ్ల లిస్టు కావాలంటారు. లిస్టు ఇస్తాను కానీ, మీ ఇంట్లో అసలు అడ్డం ఏదో ముందు తేల్చుకోకపోతే అది గోడకి అతికించుకోవడానికి తప్ప పనికిరాదు.

అడ్డాలు నాలుగు రకాలు. డబ్బు చాలకపోవడం ఒకటి. డబ్బు ఉన్నా కొనాల్సిన రోజున చేతిలో లేకపోవడం రెండోది. ఏది తింటే ఏం వస్తుందో తెలియకపోవడం, లేదా తప్పుగా తెలియడం మూడోది. అన్నీ ఉన్నా వండే తీరిక లేకపోవడం, వండినా అందరి కంచాల్లోకి రాకపోవడం నాలుగోది. ఒక్కోదానికి మందు వేరు. మూడో రకం ఇంటికి డబ్బులిస్తే యాపిల్ కొంటారు, మొదటి రకం ఇంటికి పోషకాహారం మీద క్లాసు పీకితే తల ఊపి ఇంటికిపోతారు.

ఎంత తినాలో ఒక్క మాటలో చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకొంచెం ఎక్కువే ఉంది, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు. మనం 400తో మొదలుపెడదాం. ఉర్లగడ్డ (బంగాళాదుంప) ఈ లెక్కలోకి రాదు. చింతపండు చారు, ఊరగాయ, ఊరిబిండి కూడా రావు, అడగొద్దు.

కావాల్సినవి

ఒక నోటుబుక్కు, పెన్ను. రాయడం రానివాళ్లకి గోడ క్యాలెండర్, చాక్‌పీసు చాలు, దాని సంగతి కింద చెప్తాను. తూకం మిషన్ ఉంటే మంచిది. లేకపోతే కూరగాయల అంగట్లో అరకిలో చిక్కుళ్లు, అరకిలో తోటకూర తూకం వేయించుకుని, అవి మీ చేతికి ఎన్ని గుప్పెళ్లు వచ్చాయో ఒకసారి చూసుకోండి, తర్వాత ఉజ్జాయింపు అదే వస్తుంది. ఇంకా ఒక వారం ఓపిక. ఆ వారం ఏమీ మార్చకూడదు, మామూలుగా తినేదే తినాలి. రాస్తున్నాం కదా అని ఆ వారమే మంచిగా కొనేస్తే లెక్క పాడవుతుంది.

1. వారం పాటు ఇంట్లోకి వచ్చిందంతా రాయండి

తిన్నది కాదు, వచ్చింది. కంచంలో ఎంత పడిందో కొలవడం ఎవరివల్లా కాదు. బయటినుంచి వచ్చింది, చేనునుంచి వచ్చింది, పక్కింటోళ్లు ఇచ్చింది అన్నీ కిలోల్లో రాయండి. కుళ్లి పారేసింది తీసేయండి. మిగిలినదాంట్లో తొక్కలకి, తొడిమలకి, గింజలకి ఐదో వంతు తగ్గించండి. దాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో, తర్వాత ఏడుతో భాగించండి.

ఉదాహరణకి నలుగురున్న ఇంట్లోకి వారానికి 5 కిలోలు వచ్చాయనుకోండి. ఐదో వంతు పోతే 4 కిలోలు. అంటే మనిషికి రోజుకి సుమారు 143 గ్రాములు, కావాల్సినదాంట్లో మూడో వంతు చిల్లర. నలుగురికీ 400 చొప్పున అందాలంటే వారానికి 14 కిలోలు కొనాలి. చిన్నపిల్లలుంటే కొంచెం తగ్గుతుంది. ఈ 14 అన్న అంకె చూసి టెన్షన్ పడకండి, ఒక్క వారంలో అక్కడికి చేరమని ఎవరూ అనడం లేదు.

2. అదే పేజీలో చిరుతిండి ఖర్చు కూడా రాయండి

బిస్కెట్లు, కుర్‌కురే ప్యాకెట్లు, కూల్ డ్రింకులు, సాయంత్రం బజ్జీలు, బయట టీలు. తప్పు పట్టడానికి కాదు, డబ్బు ఎటు పోతుందో కనిపించడానికి. 2022-23లో కేంద్రం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వేలో దేశంలోని పల్లె కుటుంబాలు నెల ఖర్చులో కూరగాయలకి 5.38 శాతం, పండ్లకి 3.71 శాతం పెట్టాయి. పానీయాలు, ప్యాకెట్ తిండి, బయట వండినవి కలిపి 9.62 శాతం. కూరగాయలూ పండ్లూ కలిపినా దాన్ని అందుకోలేదు. మీ ఇంట్లో ఎలా ఉందో మీరే చూసుకోండి, పిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ పేజీ మగవాళ్లకి కూడా చూపించండి, ఎందుకంటే టీ అంగడి ఖర్చు ఆడవాళ్ల నోటుబుక్కులోకి రాదు.

3. అడ్డం ఏదో తేల్చుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. ఈ ప్రశ్నలకి ఇంట్లో ఇద్దరు ముగ్గురు విడివిడిగా జవాబు చెప్పండి.

రేపు అనుకోకుండా 500 రూపాయలు ఎక్కువ వస్తే మొదట ఏం కొంటారు? కూరగాయలు, పండ్లు అని వస్తే మీది డబ్బు అడ్డం. చికెన్, బియ్యం, ఫోన్ రీఛార్జ్ అని వస్తే డబ్బొక్కటే కాదు.

వారంలో ఏ రోజు కూర లేకుండా సంగటిలోకి ఊరిబిండితో సరిపెట్టారు? ఎప్పుడూ సంతకి ముందు రోజో, కూలి రాని రోజో అయితే మీ ఇబ్బంది డబ్బు మొత్తంలో కాదు, అది వచ్చే రోజులో ఉంది.

పిల్లలకి జ్వరం వస్తే ఏ పండు తెస్తారు? జవాబు "యాపిల్" ఒక్కటే అయితే మూడోదాన్ని అనుమానించండి.

రాత్రి అందరూ తిన్నాక వండినామె కంచంలో కూర ఎంత మిగిలింది? దీనికి జవాబు ఆమెనే చెప్పనివ్వండి, పక్కనుంచి "అబ్బే, చాలినంత తింటుంది" అని వేరేవాళ్లు అనొద్దు.

4. డబ్బే అడ్డమైతే

డబ్బు అడ్డం అనేది ఉట్టి సాకు అనేవాళ్లని నమ్మకండి. 18 దేశాల మీద చేసి 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వేసిన అధ్యయనం ప్రకారం, మనిషికి రోజుకి రెండు వడ్డనల పండ్లు, మూడు వడ్డనల కూరగాయలు కొనాలంటే పేద దేశాల్లో ఇంటి ఆదాయంలో సగం దాకా పోతుంది, ధనిక దేశాల్లో రెండు శాతం కూడా కాదు.

ఇప్పుడు మన లెక్క. భార్యాభర్తలిద్దరూ కూలికి పోయి తలా మూడు వందలు, వారంలో నాలుగు రోజులు పని అనుకుందాం. 2,400. పైన చెప్పిన 14 కిలోలు సగటున కిలో 30 పడితే 420 రూపాయలు, అంటే 17.5 శాతం. అదే 14 కిలోలు యాపిల్, దానిమ్మ, క్యాప్సికం, క్యారెట్ల మీదుగా సగటు 80కి పోతే 1,120, దాదాపు సగం. ధరలు రోజూ మారతాయి, మీ ఊరి రేట్లు వేసుకోండి. తిప్పలంతా ఆ సగటుని కిందికి దించడంలోనే ఉంది. ఎలాగంటే:

కాలం చూసి కొనండి. ఫిబ్రవరి నుంచి మే దాకా కర్బూజ, పుచ్చ. ఏప్రిల్ నుంచి మామిడి. జూన్, జూలైలో నేరేడు. వానలు మొదలయ్యాక జామ, ఆ వెనకే సీతాఫలం. చలికాలం రేగిపండ్లు. అరటి, బొప్పాయి ఏడాదంతా. చీనీకాయల (బత్తాయిల) సంగతి మీకు చెప్పక్కర్లేదు, మన జిల్లా పంటే.

చీనీ కొనేటప్పుడు మంగు కాయలు అడగండి. తొక్క మీద నల్లగా, గోధుమరంగుగా మరకపడి ఉంటుంది కాబట్టి వ్యాపారులు పక్కన పెట్టేస్తారు, ధర బాగా తక్కువ. మరక తొక్కకే, లోపల తొనలకి ఏమీ కాదు. మెత్తబడినవి, చీలినవి, బూజు పట్టినవి మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

సంత ముగిసే వేళకి పోండి, ఇంటికి మోసుకుపోలేక తగ్గించి ఇస్తారు. అప్పుడు సొరకాయ, బీర, వంకాయ, మటిక్కాయలు (గోరుచిక్కుడు) తీసుకోండి. ఆకుకూర అప్పటికే వాడి ఉంటుంది, ఆ రాత్రే వండేదుంటేనే కొనండి. ఊళ్లో ఉంటే రైతు బజార్‌లో రేట్ల బోర్డు చూసి, తర్వాత తోపుడుబండి దగ్గర బేరమాడండి.

పత్తికొండ మార్కెట్లో టమేటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే రోజులు మనకి కొత్త కాదు. ఆ రోజుల్లో ముగ్గురు నలుగురు కలిసి బాక్సు కొనండి, ఉప్పు చల్లి వరుగులు పెట్టండి. మన ఎండకి త్వరగానే గలగలలాడతాయి. కిలో టమేటాకి వచ్చేది 60, 70 గ్రాములే, మిగతాదంతా నీరు. మటిక్కాయలు, వంకాయలు కూడా ఇలాగే. సి విటమిన్ చాలావరకు పోతుంది, ఉప్పు ఎక్కువవుతుంది, బీపీ ఉన్నవాళ్లు చూసుకుని వాడాలి. కూరగాయ దొరకని రోజుకి ఆదరువు తప్ప తాజాదానికి బదులు కాదు.

ఇంటి ముందు రెండడుగుల జాగా ఉన్నా మునగ, బొప్పాయి, గోడ మీదికి బీరతీగ. గిన్నెలు కడిగిన నీళ్లు వీటికి చాలు, బట్టల సబ్బునీళ్లు మాత్రం పోయకండి. కొత్తిమీర లాంటి పచ్చిగా తినే ఆకులకి మంచినీళ్లే. తోటకూర విత్తిన నెలకి కోతకొస్తుంది, పీకేఎం-1 అనే రకం మునగ ఆరు నెలలకి కాస్తుంది, బొప్పాయికి ఇంకొంచెం ఓపిక పట్టాలి.

5. డబ్బు వచ్చే రోజే అడ్డమైతే

నన్నడిగితే మన జిల్లాల్లో ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఇదే. నెల జీతం వచ్చే ఇంట్లో వారానికి సరిపడా ఒక్కసారి కొని ఫ్రిజ్‌లో పెడతారు. రోజుకూలి ఇంట్లో సాయంత్రం పనినుంచి వస్తూ దారిలో పది రూపాయల టమేటాలు, పది రూపాయల పచ్చిమిరప కొంటారు. కుప్పల లెక్కన కొన్నది తూకం వేసి చూడండి ఒకసారి, కిలో రేటు కట్టుకుంటే తక్కువ సంపాదించేవాళ్లే ఎక్కువ ధర పెడుతున్నట్టు తేలుతుంది. మగ్గం ఇంట్లో చీర దిగితేనే డబ్బు. ఉపాధి పని డబ్బు బ్యాంకులో ఎప్పుడు పడితే అప్పుడు. చెనక్కాయ వేసిన ఇంట్లో పంట అమ్మినప్పుడు ఒక్కసారి చేతినిండా, మళ్లీ ఏడాది దాకా అప్పు పద్దే. డబ్బు తీరు ఇన్ని రకాలుగా ఉంటే "వారానికోసారి ప్లాన్ చేసుకోండి" అనే సలహా అందరికీ ఎలా పనికొస్తుంది?

రోజుకూలి ఇళ్లకి: కూలి వచ్చిన ప్రతిరోజూ ఇంటికి చేరకముందే కూరగాయల వాటా విడిగా తీసేయండి, ముప్పయ్యో నలభయ్యో. పనిలేని రోజు తీయొద్దు. ఆ డబ్బు సంత రోజుదాకా కదపకూడదు. డబ్బా కంటే సంఘంలో నమ్మకమున్న ఒక అక్క దగ్గర పెట్టడం మేలు, ఇంట్లో డబ్బాని ఎవరో ఒకరు తెరుస్తారు.

మగ్గం ఇళ్లకి, నెల జీతాలకి: డబ్బు వచ్చిన రోజే నిలవుండే సరుకు, అంటే ఎర్రగడ్డలు, గుమ్మడికాయ, కంద, నిమ్మకాయలు కొనిపెట్టండి. పచ్చి కూరగాయలకి వారానికింత అని పక్కన పెట్టుకోండి.

రైతు ఇళ్లకి: చీనీ తోటో మామిడి తోటో వ్యాపారికి గుత్తకిస్తే కాయ మొత్తం అతనిదే, కాపలావాడు మీ పిల్లలని కూడా చెట్టు తాకనివ్వడు. బేరం కుదిరేరోజే రెండు చెట్లు ఇంటికి అని చెప్పేయండి. తర్వాత అడిగితే మొహమాటాలు, గొడవలు. చెనక్కాయ చేలో గట్టు వెంబడి అలసంద, అనప, గోంగూర గింజలు చల్లుకుంటే ఆ కొన్ని నెలలూ కూరకి బయటికి పోయే పని తగ్గుతుంది.

ఒకేసారి కొన్నది నిలవ ఉండాలంటే వరస పాటించండి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత బెండ, చిక్కుడు, వంకాయ, చివరికి సొర, దోస, గుమ్మడి, క్యాబేజీ. ఫ్రిజ్ లేకపోతే ఒక పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి, ఉదయం సాయంత్రం ఇసుక తడిపి, పైన తడి గోనెపట్టా కప్పండి. నీడలో, గాలి ఆడేచోట ఉండాలి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ బాగా చల్లబడుతుంది, వానాకాలం ముసురు రోజుల్లో అంత పనిచేయదు. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉర్లగడ్డలు ఇందులో పెడితే కుళ్లిపోతాయి, జాగ్రత్త.

6. తెలియకపోవడం అడ్డమైతే

చదువు ఉన్న ఇళ్లలో రకాలు ఎక్కువ, పండ్లు ఎక్కువ, అది మామూలుగా కనిపించేదే. కానీ చదువుతోపాటు వచ్చే తప్పులు వేరే ఉన్నాయి. డిగ్రీ చదివిన ఇంట్లో పండ్లరసం ప్యాకెట్‌ని పండు కింద లెక్కేస్తారు. అది చక్కెర నీళ్లకి దగ్గరి చుట్టం. ఇంట్లో పిండిన చీనీ రసం కూడా కాయతో సమానం కాదు, పీచంతా పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి రసం అసలు వద్దు, తొనలు తినండి.

ఖరీదైతేనే బలం అన్న నమ్మకం ఒకటి. 100 గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, యాపిల్‌లో ఐదు ఉంటే గొప్ప. మునగాకు, తోటకూర, గోంగూర బీదవాళ్ల కూర అని పెళ్లిళ్లలో పెట్టరు కానీ కంచానికి అంతకంటే లాభమైనవి అంగట్లో లేవు.

ఆకుకూర కోసి కడగకండి, కడిగి కోయండి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనో చారులోనో పోయండి. దించాక నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు పోతుంది, గంటన్నా ఆగండి.

చదవడం రానివాళ్లకి రంగులు చాలు. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ఆకుపచ్చది తింటే ఒక గీత, ఎరుపు లేదా పసుపుది తింటే ఇంకోటి, పండు తింటే ఒక సున్నా. బడికి పోయే పిల్లకి ఈ పని అప్పగించండి, మర్చిపోనివ్వదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు పండ్లు, ఆకుకూరలు తినడం పెంచేముందు డాక్టర్‌ని అడగాలి. గర్భిణులు పచ్చి బొప్పాయి మానాలి.

7. తీరిక, వడ్డన అడ్డమైతే

రాత్రి టీవీ చూస్తూ మటిక్కాయలు, చిక్కుళ్లు ఒలిచిపెట్టుకోవడం అందరి పనీ కావాలి, ఒక్కరిది కాదు. రెండు కూరలు వండే ఓపిక లేకపోతే పప్పులోనే ఆకుకూర రెట్టింపు వేయండి, లేదా రెండు మూడు ఆకులు కలిపి పుల్లగూర ఎనిపేయండి, సంగటిలోకి అదే చాలు.

వడ్డించేముందే కూరని మనుషుల లెక్కన గిన్నెల్లోకి తీసేయండి, వండినామె గిన్నెతో సహా. ఇది చెప్తే నవ్వుతారు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, ఆఖరున అడుగూ బొడుగూ తినే అలవాటున్న ఇంట్లో ఇది నవ్వే విషయం కాదు.

ఎక్కడ తప్పులు జరుగుతాయంటే

మొదటివారమే 14 కిలోలు కొనేసి సగం కుళ్లబెట్టి, "మాకు కుదరదు" అని మానేయడం అన్నిటికంటే ఎక్కువ. వారానికి కిలో, రెండు కిలోలు పెంచండి, చాలు. టమేటా, ఎర్రగడ్డ లెక్కలోకి వస్తాయి కానీ మీ కిలోల్లో సగం అవే ఉంటే మోసపోతున్నట్టే. పండుని ఉపవాసానికి, రోగానికి, చుట్టాలకి మాత్రమే కొనడం ఇంకోటి. పిల్లలు మొదటిసారి వద్దన్నారని ఆ కూర జాబితాలోంచి తీసేయడం కూడా తప్పే, వారం ఆగి ఇంకో రకంగా వండిపెట్టండి.

సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

నెల తర్వాత మొదటి మెట్టు మళ్లీ చేయండి, అదే పద్ధతిలో, అదే ఐదో వంతు తగ్గించి. 143 ఉన్నది 220కి వచ్చినా మంచి పెరుగుదలే. వారంలో ఎన్ని రకాలు వచ్చాయో కూడా లెక్కపెట్టండి, ఉర్లగడ్డ కాకుండా ఎనిమిదికి తగ్గకూడదు. తర్వాత వండినామెని ఆ రాత్రి ప్రశ్న మళ్లీ అడగండి. గ్రాములు పెరిగి ఆమె గిన్నె ఖాళీగానే ఉంటే ఏడో మెట్టు దగ్గరికి వెనక్కి పోవాల్సిందే.

నీరసం పోయింది, మొహం కళగా ఉంది లాంటివి కొలతలు కావు. రక్తం సంగతి తెలియాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, తక్కువ ఉంటే వాళ్లిచ్చే ఐరన్ మాత్రలు వేసుకోండి, ఆకుకూర తింటున్నాం కదా అని మాత్రలు మానొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మీ అంకె పడిపోతుంది, అది మీ తప్పు కాదు. బోర్లు ఎండిపోయి ఆకుకూర దొరకదు, దొరికినా పిడికెడు కట్టకి ఎంత చెప్తే అంత. ఆ రెండు నెలలూ పుచ్చ, కర్బూజ, మామిడి, గుమ్మడి, పెట్టుకున్న వరుగులు, దొరికితే చింతచిగురు మీద నడపండి. వానలు పడి తోటకూర ధర దిగాక మళ్లీ ఆకుకూరని వారానికి మూడు రోజులకి తెచ్చుకోండి.